గేటు దాకా చూపించిన ఊరు

ముందుగాల మీరు నన్ను మన్నించాలె. నా రాత కోడి గెలికినట్టు ఉంటది. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పడితే అక్కడ పడుతయి. ఊరి బడిలో ఐదు దాకనే చదివిన, తర్వాత తాపీ పట్టిన. అచ్చు వేసేటోళ్లు తప్పులు దిద్దుకోండ్రి. మాట మాత్రం మార్చకుండ్రి.

మా డ్రైవర్ భాయి పోయిండు. పొద్దుగాల బండి కడిగి, బకెట్ బోర్లించి, తన గది ముందటి మెట్టు మీద కూసున్నడట. కఫీలు, అంటే పనికి పెట్టుకున్న సేటు, ఆయన కొడుకు ఆఫీసుకు పోదామని వచ్చి పిలిస్తే పలకలేదు. నేను పని మీద ఉన్న. మా కూలీల క్యాంపుల ఉండే ప్లంబర్ ఫోన్ చేసి, "కాకా, భాయి లేడే" అన్నడు. "లేకుంటే బండి తీస్కొని ఎటో పోయి ఉంటడు" అన్న నేను. అటుదిక్కు ఏడుపు వినబడ్డది. అప్పుడు సమజైంది.

భాయిది కడప దిక్కు, నాది జగిత్యాల దిక్కు. సౌదీల అల్ ఖోబర్‌ల ఒక పెద్దింటికి ఆయన ఇంటి డ్రైవర్. గేటును ఆనుకొని చిన్న గది. ఇన్నేండ్లు అదే ఆయన ఇల్లు. ఒకసారి వాళ్ల ప్రహరీకి టైల్స్ ఊడితే పెట్టనీకి పోయిన. ఎండల పని చేస్తుంటే ఆయనే పిలిచి పాలు లేని సులేమానీ చాయ్ పోసిండు. నేను ఏం మాట్లాడలేదు. ఆయన కూడా మాట్లాడమని అడగలేదు. అందుకే మళ్లా పోయిన. తర్వాత ప్లంబరొచ్చిండు. శుక్రవారం భాయి నమాజు చేసొచ్చినంక ముగ్గురం ఆ గదిల అన్నం తినుడు అలవాటైంది.

తిన్నంక సుఫ్రా తియ్యనిచ్చెటోడు కాదు. సుఫ్రా అంటే అన్నం కింద పరిచే ప్లాస్టిక్ కాయితం. "కడిగేది తర్వాతబ్బా. ముందు ఊరికి పోయొద్దాం పాండి" అనెటోడు.

ఆ ఊరు కడప కాదు, జగిత్యాల కాదు. ఇంగ్లండుల ఉన్న విండ్సర్. ఒక ఎండకాలం కఫీలు ఇంటిల్లిపాది అక్కడ ఇల్లు తీసుకొని ఉన్నరట. భాయిని డ్రైవర్‌గ తీస్కపోయిండ్రు. సౌదీ కాక ఆయన జన్మల చూసిన పరాయి ఊరు అదొక్కటే. మేము అది కూడా చూడలేదు. క్యాంపు, సైటు, క్యాంపు. అందుకని ఆయనే మాకు చూపించెటోడు.

చాయ్ ఫ్లాస్కు కోట. నడుమ పరిచిన రుమాలు నది. చెంచా వంతెన. మిగిలిన ఖుబ్బూస్ రొట్టె జింకలుండే పెద్ద పార్కు.

"బండ్లు మనూరి మాదిరే ఎడమ పక్కన పోతాయబ్బా. ఎన్నో ఏండ్లకి నా చెయ్యి సంతోషపడింది" అని మొదలుపెట్టెటోడు. నది ఒడ్డున హంసలు. మనిషిని చూస్తే పోవట, ఎదురొస్తయట. చెంచా కాడికొచ్చి, "ఈడ బండి ఆపాల. ఈ వంతెన నడిసేటోళ్లకే, కార్లకు కాదు" అనెటోడు. బజార్ల ఒక వంకర ఇల్లు, పక్కకు ఒరిగి, పడకుండ నిలబడ్డదట. దాని పక్కన్నే పాత సభాభవనం. దాని స్తంభాలల్ల కొన్ని పైకప్పుకు ఆనవట. నడుమ వేళ్లు పట్టేంత సందు.

అది విన్ననాడు మాత్రం నేను ఊకోలేకపోయిన. తాపీ మేస్త్రిని గద.

"మొయ్యని స్తంభం ఎందుకు భాయ్?" అన్న.

"నువ్వు ఈ గదిలో ఏం మోస్తాండావు? మాట్లాడవు, పాడవు. అయినా శుక్రారం నువ్వు రాకపోతే గది కూలినట్టుంటాది" అన్నడు.

ప్లంబర్ పడిపడి నవ్విండు. నేను తల దించుకున్న. ఇంత మంచి మాట నాకు ఇంకెవ్వరూ చెప్పలేదు.

ఊరి బయట ఒక పెద్ద చెరువుందట. దాని ఒడ్డున పాత రాతి స్తంభాలు. లిబియా దేశం నుంచి ఓడల మీద తెచ్చిండ్రని ఇంటోళ్లు చెప్పిండ్రట. "అవీ మన మాదిరి వచ్చినేటివే. తిరిగి పోయేదానికి ఇంకా ఎగ్జిట్ ముద్ర కొట్టల్యా" అనెటోడు భాయి.

ఆఖరుకు కోట. గుట్ట మీద గుండ్రటి బురుజు, దాని మీద జెండా. జెండాను చూస్తే రాజు ఇంట్ల ఉన్నడో లేడో తెలుస్తదట. అంతదాక చెప్పి ఫ్లాస్కు ముందట ఆగిపోయెటోడు.

"లోపల ఏముంది భాయ్?" ప్రతిసారి ప్లంబరే అడుగుడు.

"లోపలికి పోయినోళ్లు సెప్పాల."

"ఇంగ్లండు దాక పోయి కారు పార్కింగ్ చూసొచ్చినవా? ఏదో ఒకటి కలిపి చెప్పరాదు, మాకేం ఎరుక!"

"సూసింది సెప్తా. సూడంది సెప్పను. పార్కింగ్ అడుగు, ఏ సెట్టు నీడ ఏ పొద్దుకు యాడికొస్తాదో సెప్తా."

ఎందుకు పోలేదో నాకు ఒక్కనికే చెప్పిండు. ఆ దినం ప్లంబర్ రాలేదు. కోటకు పోయిననాడు ఇంటోళ్లు భాయికి కూడా టిక్కెట్ కొన్నరట. తీరా గేటు కాడికి పోయినంక కఫీలు తల్లికి మోకాళ్ల నొప్పి లేచింది. ఎత్తు ఎక్కలేనన్నది. "నువ్వు పోయి చూసి రా నాయినా, నేను బండిల కూసుంట" అని భాయికి తనే చెప్పిందట.

"పొయ్యుంటే ఏమయ్యేది భాయ్?" అన్న.

"ఏం కాదు. కానీ దేశం గాని దేశం, ముసలామె. ఒక్కదాన్నే బండిలో ఇడిసి యెట్ల పోయేది? అద్దం దించి, నీళ్లిచ్చి, పక్కన నిలబడుకున్యా. జెండా సూస్తా మాట్లాడుకున్యాం. ఆమె వాళ్లమ్మ సంగతి సెప్పింది, నేను మాయమ్మ సంగతి సెప్పినా. పొద్దు బాగా గడిసింది."

అంతే. బాధగ చెప్పలేదు, గొప్పగ చెప్పలేదు.

కడపల ఇంటోళ్లు ఒప్పుకుంటే భాయిని ఇక్కడనే మన్ను చేసిండ్రు. కఫీలు కొడుకులే భుజం పట్టిండ్రు. ప్లంబర్, నేను పని బట్టల మీదనే పోయినం. వాళ్ల నమాజు, వాళ్ల పద్ధతి నాకు తెల్వది. ఎక్కడ నిలబడాలెనో, ఏం చెయ్యాలెనో అడగబుద్ధి కాలేదు. ఖబరస్తాన్ గేటు కాడ, గోడ నీడకు ఆగిపోయినం. లోపల మన్ను పడే చప్పుడు వినబడ్డది. చెప్పులు చేతుల పట్టుకొని, అందరు బయటికొచ్చే దాక అట్లనే ఉన్నం.

మొన్న శుక్రవారం మా క్యాంపు గదిల అన్నం తిన్నం. నేను సుఫ్రా మడవబోతే ప్లంబర్ చెయ్యి పట్టుకున్నడు. ఫ్లాస్కు పెట్టిండు, రుమాలు పరిచిండు.

"కాకా, నువ్వే తీస్కపో. నాకు తొవ్వ యాదికి లేదు."

తొవ్వ వానికి బాగనే యాదికున్నది. నాకెరుకే. చెంచా తెచ్చి రుమాలు మీద వంతెన పెట్టిన. తర్వాత, "ఈడ బండి ఆపాలె" అని మొదలుపెట్టిన. హంసలు, వంతెన, వంకర ఇల్లు, ఆనని స్తంభాలు, చెరువు. ఇంతసేపు నేను ఎన్నడూ మాట్లాడలేదు. కోట కాడికి వచ్చినం. జెండా చెప్పి ఆగిన. ప్రతిసారి అడిగేటోడు ఈసారి అడగలేదు.

అందుకే ఈ కాయితం. లోపలికి పోయినోళ్లు చెప్పాలె అన్నది ఆయన మాటనే. ఇంగ్లండుల ఉన్న తెలుగోళ్లు కూడా ఈ పుస్తకం చదువుతరంట. ఆ ఊరి దగ్గర మీరెవరన్న ఉంటే, ఒక్కసారి కోట లోపలికి పోయి చూసి రాయుండ్రి. పెద్ద ముచ్చట్లు వద్దు. గేటు దాటినంక కాళ్ల కింద రాయా, మట్టా? గోడ దర్జులల్ల, అంటే రాళ్ల నడుమ సందులల్ల, సున్నం కనబడుతదా? మోకాళ్ల నొప్పి ఉన్న ముసలామె కూసునేటందుకు ఏమన్న ఉన్నదా? మీరు చూసింది చూసినట్టు రాస్తే చాలు. ఈ పుస్తకమోళ్లకు పంపితే నాకు చేరుతది. జర జల్ది రాయుండ్రి. సుఫ్రా ఇంకా తియ్యలేదు, మేము గేటు కాడనే ఉన్నం.