అక్కకి అందని మేకు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, నాకూ ఏదైనా పెద్ద జబ్బు చేయాలని దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని. నవ్వకండి. ఆ రోజుల్లో మా ఇంట్లో జబ్బు చేసినవాళ్ళదే రాజ్యం. మామిడిపండు వస్తే మా అక్కకి తొక్క తీసి, ముక్కలు కోసి, గిన్నెలో వేసి, చెంచాతో సహా చేతికిచ్చేవారు. నాకు టెంక దక్కేది. అక్కకి అమ్మ రెండు పూటలా జడ వేసేది, నాన్నగారు గొడుగు పట్టేవారు, తాతయ్య మంచం పక్కనే కూర్చుని కథలు చెప్పేవారు. నేనేదైనా అడిగితే మాత్రం, "నీకేమే, దుక్కలా ఉన్నావు" అనేవారు. దుక్కలా ఉండటం నా తప్పా?

మాది గోదావరి వైపు. నాన్నగారి ప్రభుత్వోద్యోగం వల్ల కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో కాపురం. అప్పటికి ఈ అద్దాల మేడలూ లేవు, ఈ ట్రాఫిక్కూ లేదు. మా మేడ మీద నిలబడి మియాపూర్ వైపు చూస్తే రాళ్ళగుట్టలూ, వాటి మీద పడి కాలే ఎండా, అంతే.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. ఒక వేసవిలో దాని కనురెప్పల మీద వంకాయ రంగు కలిసిన ఎరుపు కనిపించింది. వేళ్ళ కణుపుల మీద ఎర్రటి బొడిపెలు లేచాయి. కొన్నాళ్ళకి తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవడం మానేసింది, మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నీరసమనుకుంది మా అమ్మ. ఒళ్ళంతా నువ్వులనూనె పట్టించి, ఎముకలకి బలమని రోజూ పొద్దున్న ఎండలో పీట వేసి కూర్చోబెట్టింది. నెల తిరిగేసరికి ఆ ఎరుపు మెడ దాకా, రొమ్ము దాకా పాకింది. ఆ నూనె మర్దనా చూసి కూడా నేను కుళ్ళుకున్నాను, ఏం చెప్పమంటారు!

పెద్దాసుపత్రిలో డాక్టరు గారు ఇంగ్లీషులో ఓ పొడుగాటి పేరు చెప్పారు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే పొరపాటున సొంత కండరాల మీదా, చర్మం మీదా పడి దెబ్బతీస్తుందట. మాత్రలు మొదలయ్యాయి. ఆ మాత్రలకి అక్క బుగ్గలు ఉబ్బాయి. చూసినవాళ్ళంతా "పిల్ల బొద్దుగా ముద్దొస్తోంది" అన్నారు. నన్నెవరూ ఆ మాట అనలేదు.

వానలు పడ్డాక అక్క తేరుకుంది, చలికాలమంతా బాగానే తిరిగింది, చెయ్యి మాత్రం పూర్తిగా పైకి లేవలేదు. మళ్ళీ ఎండలు ముదిరేసరికి మొదటికొచ్చింది. ఆ సంగతి ముందుగా పసిగట్టింది మా తాతయ్యే. ఆయన ఇరిగేషన్ శాఖలో వానకొలతలు రాసి రాసి రిటైరైన మనిషి, రోజూ ఏదో ఒకటి కొలిచి రాయకపోతే ఆయనకి అన్నం సహించదు. ముందుగదిలో తలుపు పక్క గోడకి అక్కని నిలబెట్టి, చెయ్యి ఎంతవరకు లేస్తే అక్కడ పెన్సిలుతో గీత గీసేవారు. పక్కనే తేదీ కాదు, కార్తె పేరు రాసేవారు. అశ్వని, భరణి, కృత్తిక, రోహిణి... కార్తె మారి ఎండ ముదిరేకొద్దీ గీతలు కిందికి దిగాయి. ఆ లెక్క కాగితం మీదికెక్కించి తీసుకెళ్తే డాక్టరు గారు రెండుసార్లు చదివారట. ఈ జబ్బు అందరికీ ఒకే కాలంలో తిరగబెట్టదనీ, ఈ పిల్లకి మాత్రం ఎండాకాలం పడట్లేదనీ, వచ్చే ఏడు ఎండలు రాకముందే జాగ్రత్త పడదామనీ అన్నారు. అప్పట్నుంచి అక్క కిటికీలకి దుప్పట్లు, ఒంటికి పొడుగు చేతుల చొక్కాలు.

ఇల్లంతా ఆ గోడ చుట్టూనే తిరిగేది. పొద్దున్న లేవగానే అందరూ అక్క గీత ఎక్కడిదాకా అని చూసేవారు. నేనెంత ఎత్తు పెరిగానో ఒక్కరంటే ఒక్కరు కొలవలేదు. నాకూ ఆ గోడ మీద ఒక గీత కావాలి. ఇంకేమీ వద్దు, నా పేరుతో ఒక్క గీత.

ఆ ఏడే, రోహిణి కార్తె చివర్లో ఒకనాడు పక్కింటి అత్త పెరట్లో గోరింటాకు దూశాను. ఆవిడ ఈ ఊరి మనిషే. "ఆషాఢం ఇంకా రానే లేదు, గిప్పుడు గోరింటాకు ఏంది బిడ్డా?" అని నవ్వింది. ఊరికేనన్నాను. రాతి మీద నూరి, కణుపు కణుపుకీ చుక్క పెట్టుకుని, మధ్యాహ్నమంతా మంచం కింద దాక్కున్నాను. బాగా పండింది. మర్నాడు పొద్దున్న అమ్మ కుంకుమ కాస్త కనురెప్పలకి రుద్దుకుని, చేతులు వేలాడేసుకుని వచ్చి, "తాతయ్యా, నాకు చెయ్యి లేవట్లేదు" అన్నాను.

ఆయన నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. అయిపోయింది నా పని అనుకున్నాను. ఆయన పెన్సిలు చేతిలోకి తీసుకున్నారు. గోడ దగ్గరికి తీసుకెళ్ళి, "ఎత్తమ్మా" అన్నారు. భుజం దాకా ఎత్తి ఆపేశాను. అక్కడ గీత గీసి, నా పేరు రాసి, రోహిణి అని కూడా రాశారు. నాకు ఏనుగెక్కినట్టయింది. "ఇవాళంతా నీ చెయ్యి ఈ గీత దాటకూడదు. అక్కకి చేసినవన్నీ నీకూ చేస్తాం" అన్నారు. అమ్మకి కనుసైగ చేయడం నేను చూడనే లేదు.

మామిడిపండు ముక్కలు గిన్నెలో వచ్చాయి. చెంచా కూడా వచ్చింది. ఆ గంటసేపు నా అంత అదృష్టవంతురాలు కాలనీలో లేదు. ఆ తర్వాత దురద మొదలైంది నెత్తి మీద, గోక్కోవడానికి లేదు. ఫ్యాను స్విచ్చు భుజం కంటే పైన. స్నానాలగది గొళ్ళెం పైన. అమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడాల్సి వచ్చింది, సిగ్గుతో చచ్చాను. గౌను తలమీదుగా తొడుగుతుంటే జుట్టు గుండీకి చిక్కి కెవ్వుమన్నాను. బయట పిల్లలు దాగుడుమూతలు ఆడుతుంటే నా కిటికీకి దుప్పటి. పక్క మంచం మీద అక్క పుస్తకంలోంచి తలెత్తకుండా, "ఇంకా పొద్దున్నే, రోజంతా ఉంది" అంది.

మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి మబ్బు పట్టింది. మేడ మీద అమ్మ ఎండబెట్టిన వడియాలు! "వాన, వాన" అని అమ్మ అరుపు వినపడేసరికి గీతా లేదు, జబ్బూ లేదు. రెండేసి మెట్లు దూకుతూ మేడెక్కేశాను. వడియాల చీర నాలుగు కొసలూ దగ్గరికి లాగి, దండెం మీది బట్టలన్నీ రెండు చేతులూ పైకెత్తి గుంజుతుంటే చినుకులు ముఖాన పడ్డాయి. ఎంత హాయి!

అప్పుడు కిందికి చూశాను. ఎండ పోయింది కదాని అక్క బయటికొచ్చింది. ఒక్క మెట్టు ఎక్కి, గోడ పట్టుకుని ఆగిపోయి నావైపే చూస్తోంది. ఆ చూపు నేనెరుగుదును. మామిడి ముక్కల గిన్నె వైపు నేను చూసే చూపది. నన్ను చూసి కూడా కుళ్ళుకునేవాళ్ళుంటారని నాకప్పటిదాకా తెలీదు.

సాయంత్రం తాతయ్య నన్ను తిట్టలేదు. గోడ దగ్గరికి పిలిచి, అక్క గీతలన్నిటికీ పైన, నేను స్కూలు బ్యాగు తగిలించే మేకు చూపించారు. దాని కింద సన్నగా ఒక గీత ఉంది, పేరూ లేదు, కార్తే లేదు. ఎవరిదని అడిగాను. ఆయన అక్క వైపు చూశారు.

"అది నా గీతే, ఇంకా అందలేదు" అంది అక్క. "నువ్వు బడి నుంచి వచ్చి, చూడనైనా చూడకుండా బ్యాగు ఆ మేకుకి తగిలించి పోతావు. అలా తగిలించినప్పుడల్లా నీ వీపు మీద ఒక్కటివ్వాలనిపిస్తుంది. చెయ్యి లేస్తే కదా!"

అక్క బ్యాగు రెండు వేసవుల నుంచీ నేల మీదే ఉందని నాకు ఆ క్షణంలో కనిపించింది. ఏడుపొచ్చింది. నా బ్యాగు తీసి కింద దాని పక్కన పెట్టబోతే అక్క ఊరుకోలేదు. "వద్దు, అక్కడే ఉంచు. నాకది కనపడాలి" అంది. ఆషాఢం వచ్చి అమ్మ ఇద్దరికీ గోరింటాకు పెట్టేనాటికి కూడా నా కణుపుల మీది దొంగ చుక్కలు పూర్తిగా పోలేదు. అక్క గీత మాత్రం జానెడు పైకెక్కింది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. మణికొండలో పద్నాలుగో అంతస్తులో ఉంటాను, ఎదుటి ఆఫీసు అద్దాల మీంచి ఎండ నా వంటింట్లోకి కొడుతుంది. అక్క మియాపూర్‌లో ఉంటుంది. జబ్బు చాలా ఏళ్ళు ఊరుకుంటుంది, ఏదో ఒక వేసవిలో పలకరించి పోతుంది. అందుకే కృత్తిక కార్తె రాగానే నేను ఫోను చేస్తాను. హలో అనను, "ఎక్కడిదాకా?" అంటాను. అది చెప్తుంది. ఎవరి భోగమైనా చూసి నా కడుపు మండినప్పుడు, మేడ మెట్టు మీద ఆగిపోయిన ఆ పిల్ల ముఖం గుర్తొస్తుంది, మంట సగమైనా చల్లారుతుంది. పూర్తిగా చల్లారిందంటే అబద్ధమే.

మొన్న చలికాలంలో అక్క మా ఇంటికొచ్చింది. లోపలికొస్తూనే, నాతో మాట్లాడుతూనే, చూడనైనా చూడకుండా హ్యాండ్‌బ్యాగు తీసి తలుపు పక్క పై మేకుకి తగిలించేసింది. ఇద్దరం మేకు వైపు చూసి ఆగిపోయాం. "ఇప్పుడివ్వనా?" అంది. నేను వెనక్కి తిరిగి వీపు చూపించాను. ఇచ్చింది, గట్టిగానే. వీపింకా చురుక్కుమంటోంది, ఎన్నాళ్ళయినా తగ్గకపోతే బావుండును.