చెమ్మ గోడ మీద క్యాలెండర్

ఈ ఉదయం నా ఇంట్లో అద్దెకున్నవాళ్లు గోడ చూడమని పిలిస్తే వెళ్లాను. గదినిండా తడిసిన సున్నం వాసన. అది నన్ను బోయిగూడలోని మా పాత ఇంటికి లాక్కెళ్లింది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలొచ్చి, టులెట్ బోర్డు ఒక్క పూట కూడా నిలవని రోజులవి. కింది వాటాలో ఉండే శ్రీకాకుళం ఆవిడ నాన్న దగ్గరికి వచ్చింది.

"గోడంతా చెమ్మెక్కిపోనాది బాబూ. పాపకి ఆయాసం తగ్గట్నేదు."

"నచ్చకుంటే ఖాళీ చేయుండ్రమ్మా. సాయంత్రానికి ఇంకొకరొస్తరు."

ఆమె వెళ్లాక నాన్న నాకో పెద్ద క్యాలెండర్ ఇచ్చాడు. మా ఇంట్లో రిపేరంటే అదే. "పోయి చెమ్మ మీద తగిలియ్యి. ఆయాసం గీయాసం అన్నీ వేషాలు."

నేను మేకు కొడుతుంటే మంచం మీద ఐదేళ్ల పాప పిల్లికూతలతో ఊపిరి తీస్తోంది. వెక్కిరిస్తూ నేనూ అలాగే కూశాను. పాప చప్పున నోరు మూసుకుని ఊపిరి బిగబట్టింది.

దొంగ దొరికిందనుకున్నాను. "నాన్నా, నువ్వన్నది నిజమే. నేను చూడంగనే బంద్ చేసింది," అని పైకెళ్లి చెప్పాను. నాన్న నవ్వి నా వీపు తట్టాడు.

ఆ పాప నటించలేదు. నా ముందు సిగ్గుపడి, అందీ అందని ఊపిరిని కూడా ఆపుకుంది. చిన్నవాణ్ని, తెలియలేదని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను. వెక్కిరించడం మాత్రం తెలుసు.