గుండె ఆగాక బావ అన్న మాట

దెయ్యాలూ, గాలీ ధూళీ అంటే నాకు నవ్వొచ్చేది. ఉక్కు కర్మాగారంలో ఫర్నేసు దగ్గర ఏళ్ళ తరబడి నైట్ షిఫ్టులు చేసినవాణ్ణి, ఏనాడూ ఏదీ చూడలేదు. ఇది జరిగింది కూడా పట్టపగలు, ఆదివారం పదింటికి, పెందుర్తిలో మా అక్కావాళ్ళ వాకిట్లో.

అక్క పూర్ణా మార్కెట్‌కి వెళ్ళింది. మెట్టు మీద కూర్చుని నాతో మాట్లాడుతున్న బావ అలాగే పక్కకి ఒరిగిపోయాడు. పిలిస్తే పలకలేదు. ఊపిరి లేదు.

ప్లాంటులో ఒకసారి సీపీఆర్, గుండె ఆగినవాళ్ళకి రొమ్ము నొక్కడం, నేర్పారు. చాలామంది సంతకం పెట్టి టీకి పోయారు. రబ్బరు బొమ్మ మీద చెయ్యి వేసిన ముగ్గురిలో నేనొకణ్ణి. బావని నేల మీద పడుకోబెట్టి, రొమ్ము మధ్యలో రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టాను. పక్కింటాయన అంబులెన్సుకి ఫోన్ చేసి, ఫిట్స్ అనుకుని బావ చేతిలో తాళాలగుత్తి పెట్టాడు.

కాసేపటికి బావ కళ్ళు తెరిచాడు. తాళాల్ని పిడికిట్లో బిగించాడు. బతికాడనుకుని చేతులు తీసేశాను. కళ్ళు మూతబడ్డాయి, తాళాలు కింద పడ్డాయి. మెడ దగ్గర నాడి లేదు. మళ్ళీ నొక్కితే మళ్ళీ తెరిచాడు.

నా భుజాలు పడిపోతున్నాయి. నా బదులు నొక్కడానికి తెలిసినవాడు ఇంకొకడు లేడు. అప్పుడు బావ పెదాలు కదిలాయి.

"సాల్లే బావా. అలిసిపోనావు."

నేను ఆగాను. ఎంతసేపో తెలీదు. అంబులెన్సు మోత వినబడ్డాక మళ్ళీ మొదలుపెట్టాను. వాళ్ళు రెండుసార్లు షాకు ఇచ్చారు. గుండె అందుకోలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. నొక్కినంత మాత్రాన గుండె స్టార్టవదట. గుండె చెయ్యాల్సిన పని మన చేతులు చేస్తాయి. నొక్కితే రక్తం మెదడుకి వెళ్తుంది, వదిలితే గుండె మళ్ళీ నిండుతుంది, దాని కండకీ కాస్త రక్తం అందుతుంది. ఆ కండ బతికుంటేనే షాకు పనిచేస్తుంది. మెదడుకి రక్తం అందితే, అరుదుగా, కళ్ళు తెరవడం, చేతులు కదపడం ఉంటుందట. నమ్మాను. మరి ఆ స్థితిలో ఉన్న మనిషికి నా మీద జాలి ఎలా కలిగిందని అడిగాను. ఆయన నా చేతుల వంక చూశాడు.

నా భ్రమేమో అనుకున్నాను. కానీ పక్కింటాయన కూడా ఆ మాట విన్నాడు.

అక్క ఒక్కటే అడిగింది. "ఆకరికి ఏటైనా అన్నాడేట్రా?"

"ఏటీ అన్లేదక్కా."

గుండె ఆగిన మనిషి ఎలా మాట్లాడాడో నాకిప్పటికీ తెలీదు. ఆ మాటకి నేనెందుకు ఆగానో అంతకన్నా తెలీదు.