నేర్పేవాళ్లు లేని పిల్ల

సింగపూర్‌లో నా చిన్నప్పుడు మా ఫ్లాటు పక్కనే కాంటనీస్ మాట్లాడే ఒక చైనీస్ కుటుంబం ఉండేది. అమ్మ పోయిన కొద్దిరోజులకే నాన్న మళ్లీ షిప్‌యార్డ్ పనిలోకి వెళ్లక తప్పలేదు. అప్పటినుంచి మధ్యాహ్నం నా భోజనం వాళ్లింట్లోనే. నాకు ఏడుపు వచ్చేది కాదు. ఆకలీ తెలిసేది కాదు. ఎవరైనా కూర్చోమంటే కూర్చునేదాన్ని.

వాళ్ల తిట్లు నాకప్పటికే కొన్ని తెలుసు. తలుపు ధడాలున వేస్తే పక్కింటి అవ్వ 'చౌ లౌ' అనేది, మొరటు పిల్లవని. ఎదురుపడినా పలకరించకపోతే 'మౌ లై మావ్', మర్యాద లేదని. కారిడార్‌లో ఆడుకునే పిల్లలందరం రోజూ పడే మాటలే కనుక ఎవరం పట్టించుకునేవాళ్లం కాదు.

మొదటిరోజు అందరూ బల్ల దగ్గరికి రాకముందే పరధ్యానంగా గిన్నె ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టాను. అవ్వ నావైపు చూసి 'మౌ గా గావ్' అంది. కొత్త మాట. అవ్వ మనవరాలిని, నేను అక్కా అని పిలిచే అమ్మాయిని, అర్థమడిగాను. ఆమె తటపటాయించింది.

"ఇంట్లో నేర్పేవాళ్లు లేరని," అంది చివరికి ఇంగ్లీషులో.

"అవును, లేరు," అన్నాను.

బాధతో అనలేదు. టైమెంతని అడిగితే చెప్పినట్టు చెప్పాను. అక్క ఆ జవాబు వాళ్ల భాషలో చెప్పగానే అవ్వ చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది. లేచి, నా పక్కకి కుర్చీ జరుపుకుని కూర్చుని, ఏదో అంది.

"ఇకనుంచి తనే నేర్పుతుందట," అంది అక్క. "నిన్నెవరైనా ఆ మాటంటే తనని అన్నట్టేనట."

అప్పుడే మొదలుపెట్టింది. తినేముందు అందరికన్నా పెద్దవాళ్లతో మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ వరసపెట్టి పిలిచి 'సిక్ ఫాన్' అనాలి, భోంచేయండి అని. అన్నాను. అవ్వ తలూపాక తిన్నాను. రుచి తెలియలేదు.

ఆ సాయంత్రం నాన్న కంచం ముందు కూర్చోగానే, "నాన్నా, భోంచెయ్," అన్నాను. కలిపిన ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరు నేర్పారే?"

"పక్కింటి అవ్వ."

ఆయన అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అమ్మ కోసం ఎప్పుడేడ్చానో, అసలు ఏడ్చానో లేదో నాకిప్పటికీ గుర్తులేదు. ఇప్పుడు సింగపూర్‌లోనే, బిషాన్‌లోని మా ఇంట్లో, భోజనాల దగ్గర మా మనవడు ఫోన్‌లోంచి తలెత్తకుండా, "ఎవ్రీ టైమ్ పిలవాలా అమ్మమ్మా?" అంటాడు. పిలవాలి అంటాను. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో కూడా కంచం ముందు కూర్చోగానే నా నోరు దానంతటదే పిలుస్తుంది. ఎవరిని పిలుస్తున్నానో ఆలోచించను. ఒక్క క్షణం ఆగి, తింటాను.