బానెట్ మీది విభూతి

మొన్న ఆయుధపూజ మర్నాడు, సింగానల్లూరులో మేముండే అపార్టుమెంటు కింద, పక్కింటి ఇంజనీరు తన కొత్త కారు బానెట్ మీద ఎండిపోయిన విభూతిని పొడిగుడ్డతో తుడవబోతున్నాడు. నేను మెట్ల మీదినుంచే కేకేశాను, ముందు నీళ్లు పొయ్యమని. ఆయన చెయ్యి ఆపి నా వైపు వింతగా చూశాడు. గుడికి వెళ్లడు, పూజకు చందా ఇవ్వడు, దేవుడి మీద పత్రికలకు వ్యాసాలు రాస్తాడు, ఈ ముసలాయనకు విభూతి మీద ఇంత ఆదరమేమిటి అనుకుని ఉంటాడు. నా ఆదరం విభూతి మీద కాదు, రంగు మీద. విభూతి అంటే కాల్చిన పిడకల బూడిద. దానితో మన ఆడవాళ్లు ఇత్తడి చెంబులు తోమారు. చెంబును తోమే బూడిద కారును మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది? ఈ చిన్న తర్కం ఒక మిల్లు యజమానికి తట్టలేదు. తట్టనందుకు ఇప్పటికీ నాకు ఆనందంగానే ఉంది.

మా అక్క మొగుడు ఆ యజమాని కారుకు డ్రైవరు. ఆ యజమానిని ఊరంతా మొదలాళి అనేవారు, మేమూ అలాగే అనేవాళ్లం. బావకు అణకువ లేదు. కారు తనదైనట్టూ, మొదలాళి అందులో దయతో ఎక్కించుకున్న మనిషైనట్టూ మాట్లాడేవాడు. నల్లటి పెద్ద కారు అది. దానికి పాలిష్ పెట్టే రోజున వేలి ఉంగరం, మొలతాడుకు కట్టిన తాళంచెవి తీసి అక్క చేతికిచ్చేవాడు. మిల్లులో ఊరికే దొరికే వేస్టు దూదిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు, అందులో పత్తిగింజల పొట్టు ఉంటుంది, గీతలు పడతాయి. ఉతికి ఉతికి మెత్తబడిన వేష్టి పంచెను అంచు చించేసి మడతలు పెట్టుకునేవాడు. గుడ్డ కింద పడిందంటే దాన్ని మళ్లీ ముట్టడు. ముందు ధారాళంగా నీళ్లు, తర్వాత నీడలో పాలిష్, అదీ బండి పొడవునా తిన్నగానే, గుండ్రంగా ఎన్నడూ కాదు. అంతా అయ్యాక బండిని ఎండలోకి తీసి, తల పక్కకు వాల్చి చూసుకునేవాడు. గీత కనబడకపోతే ఆ పూట మా అక్కకు వంట మెచ్చుకోళ్లు దక్కేవి.

ఒక ఆయుధపూజకు గుడి పూజారి బానెట్ మీద విభూతి మూడు పట్టీలుగా మందంగా పూశారు. మర్నాడు బావ ఎప్పటిలాగే నీళ్లు పోసి కడిగాడు. ఆ వారమే మిల్లు బాయిలరు చెడింది. మొదలాళికి కారణం దొరికింది. మిల్లు కూత, అదే సంగు, ఊది షిఫ్టు వదిలే వేళ, గేటు దగ్గర అందరూ చూస్తుండగా బావను పిలిచాడు. "సామి విభూతిని సాక్కడలో కలిపినావు గదరా. ఆ సాక్కడ నీళ్లే తీసి నుదుట పెట్టుకో" అన్నాడు. బావ పెట్టుకున్నాడు, పెట్టుకోకపోతే మిల్లు లైనులోని ఇల్లు పోతుంది. మురిక్కాలువలోంచి నల్లటి నీళ్లు తీసి నుదుటికి రాసుకుంటుంటే, రీలింగులో నూలు చుట్టే పని ముగించి వస్తున్న మా అక్క ఆడవాళ్ల గుంపులో నిలబడి చూసింది. ఆ తర్వాత బావను కారు నుంచి తీసి దూది గోదాములో వేశారు.

అవి నేను ఊళ్లో చర్చాసభలకు పోయి గొంతు చించుకుంటున్న రోజులు. మూఢత్వం మీద నోటీసు వేసి గేటు దగ్గర పంచుతానన్నాను. బావ నవ్వాడు, బావమరిదినని నన్ను మచ్చాన్ అనేవాడు. "నీ నోటీసు వాడు చదువుతాడా మచ్చాన్? వాడు చూసేది కారు బానెట్‌లో వాడి మొహమే. ఆ గేటు కాడనే, ఆ జనం ముందరే, వాడి తల వంగల్ల. అంతదాకా నాకు తిన్నది ఒంటబట్టదు." ఆ మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆ ఏడాదంతా ఆయన గోదాములో దగ్గుతూ, సాయంత్రాలు పోదనూరు లారీ షెడ్లలో తెలిసినవాళ్ల దగ్గరికి పోయి వస్తుండేవాడు.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. కొత్త డ్రైవరు వేస్టు దూదితో గుండ్రంగా రుద్ది రుద్ది బండినంతా గీతల సాలెగూళ్లు చేసి పెట్టాడు. పూజ మర్నాడు మంత్రిగారు మిల్లు చూడటానికి వస్తున్నారు. బండికి పాలిష్ పెట్టమని బావకు కబురొచ్చింది. అక్క వెళ్లొద్దని ఏడ్చింది, ఆయన ఉంగరం తీసి ఆమెకిచ్చి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. మిల్లు గేటు పక్కనే ఉన్న మొదలాళి ఇంటి ముందు పోర్టికో నీడలో బండి, దాని మీద విభూతి ఎండి గట్టిపడి ఉంది. మొదలాళి, ఆయన తల్లి, గుమాస్తాలు అందరూ అక్కడే ఉన్నారు. బావ చేతులు కట్టుకుని, నీళ్ల సంగతి గేటుదాకా వినబడేట్టు అడిగాడు.

"తణ్ణి పొయ్యొచ్చునా మొదలాళి?"

"పోయినేడు బుద్ధి రాలేదా? తణ్ణి చుక్క పడకూడదు."

"పొడిగుడ్డతోనే తుడవల్లనా?"

"పొడిగుడ్డతోనే."

"కరుచుకోని ఉండాది. రాలేదంటే?"

"గట్టిగా రుద్దురా, చేతిలో బలం లేదా?"

బలం ఉంది. ఏడాదిగా దాచుకున్న బలం. ఆ పట్టీల వెంబడే, అటూ ఇటూ, తీరిగ్గా, భక్తిగా రుద్దాడు. చెంబు తోమినట్టు బూడిద రంగును కొరుకుతున్న చప్పుడు నాకు వినబడింది. నాకు అంతకన్నా మంచి సంగీతం తెలియదు. గీతలు నీడలో కనబడకుండా పైన ఇంత మైనం పట్టించాడు. నీడలో బానెట్ అద్దంలా ఉంది. మొదలాళి వంగి మీసం చూసుకున్నాడు.

సంగు ఊదింది. షిఫ్టు జనం బయటికొస్తుంటే బావ బండిని గేటు దగ్గర ఎండలోకి తెచ్చి నిలబెట్టాడు. నల్లటి బానెట్ మీద తెల్లగా, వెడల్పుగా, మూడు విభూతి పట్టీలు. రంగులోనే దిగిపోయాయి. మొదలాళి నోరు తెరిచేలోపల, వెనకే వచ్చిన ఆయన తల్లి చేతులెత్తి మొక్కింది. "సామి నిలిచిపోయినాడు నాయనా" అని కర్పూరం తెమ్మంది. బావ వినయంగా అడిగాడు, "గీసుకుపోయినట్టుండాదే మొదలాళి, తణ్ణి పోసి కడగమంటారా?"

గీత అంటే విభూతి వట్టి బూడిదని ఒప్పుకోవాలి. సామి గుర్తంటే దండం పెట్టాలి. మొదలాళి ముఖం కుంకుమయింది. అమ్మ పక్కనే ఉంది, చుట్టూ జనం. మెల్లగా చేతులు జోడించి బానెట్ ముందు తల వంచాడు. గుంపులోంచి మా అక్క ఆయన వంగిన మెడను చూసింది. ఆ పూటే అక్కా బావా మిల్లు లైను ఖాళీ చేసి పోదనూరు వెళ్లిపోయారు, బావకు అక్కడ లారీ షెడ్డులో పని సిద్ధంగా ఉంది.

ఆ ముసలమ్మ ఉన్నంతకాలం బండికి కొత్త రంగు వెయ్యనివ్వలేదు. రోజూ కర్పూరం. మొదలాళి రోజూ ఆ గీతల వెనకే కూర్చుని ఊరంతా తిరిగాడు. పాపం అనిపించలేదా అని సభల్లో నాతో వాదించిన మిత్రులు అడిగారు. అనిపించలేదు. ఇప్పుడు ఆ బండి లేదు, మిల్లు లేదు, బావ కూడా లేడు.

కింద ఇంజనీరు నా మాట విని బకెట్టు తెచ్చాడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. నీళ్లు పడగానే బూడిద జారిపోయింది, బానెట్ మీద ఆనవాలైనా లేదు. కాలం కూడా అలా నీళ్లు పోసి నా దగ్గరి మరకలు చాలా కడిగేసింది. పొడిగా రుద్దినవి మాత్రం దాని చేతికి ఇంకా లొంగలేదు.