గేరుబాక్సులో కొల్లేటి నీళ్ళు

1998 మే నెలలో నన్ను విజయవాడలో మా శాఖ మెకానికల్ వర్క్‌షాపుకు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. డెల్టాలోని కాలవలు, మురుగు డ్రైన్లు, వరదొస్తే నీళ్ళు తోడే పంపులు మా శాఖ చూసేది. వాటి యంత్రాలకు ఏ జబ్బు చేసినా చివరికి మా షెడ్డుకే చేరేవి. షెడ్డుకు బాధ్యుణ్ణి నేను. అయితే నా కాగితం కదలాలంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సంతకం కావాలి. ఆ పదవిని మేం క్లుప్తంగా ఇ.ఇ. అనేవాళ్ళం. అప్పటి ఇ.ఇ. శేషగిరిరావు గారు చాలా మంచి మనిషి. జీవితంలో ఎవరికీ అపకారం చేయలేదు. ఏ పనికీ ఒక పట్టాన ఒప్పుకోకుండా ఉండడమే అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం.

షెడ్డులో ఒక విదేశీ ట్రక్కు ఉండేది. ఏదో తుఫాను తర్వాత సాయంగా వచ్చిన బండి. ఆరు చక్రాలూ లాగుతాయి, వెనక పెద్ద పంపు బిగించి ఉంటుంది. దానికి క్లచ్ పెడల్ లేదు. గేర్లు అవే మారతాయి. ఈ రోజుల్లో ఇది వింత కాదు కాని, అప్పట్లో ఆటోనగర్ మేస్త్రీలు పనిగట్టుకొని వచ్చి చూసి వెళ్ళేవారు. మా డ్రైవర్లలో చాలామంది ఎడమకాలు అక్కడ లేని క్లచ్ కోసం వెతుక్కునేది. ఆ అలవాటు మానుకోగలిగినవాడు నాంచారయ్య ఒక్కడే. బందరు అవతల సముద్రం మీద బతికే కుటుంబం అతనిది. తండ్రి, అన్నలు వేటకు వెళ్ళేవారు, ఇతను లారీ నేర్చుకొని మా శాఖలో చేరాడు. ఆ బండిని ఇంకొకరు తోలితే మొహం మాడ్చుకునేవాడు.

నేను చేరగానే చేసిన పని ఆ ట్రక్కు గేరుబాక్సు ఆయిల్ గురించి వాకబు చేయడం. వచ్చినప్పటి నుంచి ఎవరూ మార్చలేదని తెలిసింది. ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. మామూలు లారీలో గేరు ఆయిల్ పళ్ళు అరగకుండా కాపలా కాస్తుంది, అంతే. ఆటోమేటిక్ బండిలో ఆయిలే కూలీ. ఇంజను బలం ఆయిల్ ద్వారానే గేరుబాక్సుకు చేరుతుంది, ఆయిల్ ఒత్తిడే లోపలి ప్లేట్లను బిగించి పట్టి గేరు వేస్తుంది. కొత్తలో ఎర్రగా ఉంటుంది కనక ఆటోనగర్‌లో దాన్ని ఎర్రాయిలు అంటారు. వేడెక్కి పాతబడితే నల్లబడి మాడు వాసన వస్తుంది. మా ట్రక్కులోది ఇంకా మాడలేదు గాని, ముదురు ఇటుక రంగుకు తిరిగింది. తయారీదారు పుస్తకం ప్రకారం గడువు ఎప్పుడో దాటిపోయింది. మార్చాలని ప్రతిపాదన రాసి పంపాను.

శేషగిరిరావు గారు నన్ను పిలిపించి కాఫీ ఇచ్చారు. ఆయన బావమరిది హైదరాబాదులో ఒక విదేశీ కారు కొన్నాడట. అది పాత ఆయిల్‌తో లక్షణంగా తిరిగేదట. ఎవడో చదువుకున్నవాడు చెప్పాడని ఆయిల్ మార్పిస్తే, వారం తిరక్కుండా గేరుబాక్సు పోయిందట. కాబట్టి నడిచే బండిని ముట్టుకోకూడదని ఆయన సిద్ధాంతం.

ఆ కథలో అబద్ధమేమీ లేదు. ప్లేట్లు అప్పటికే అరిగిపోయిన గేరుబాక్సులో కొత్త ఆయిల్ పోస్తే, పేరుకున్న మడ్డి కదిలి సన్నని దారుల్లో అడ్డం పడవచ్చు. అప్పుడు రోగం పాతదే అయినా ఆఖరి మందు ఇచ్చిన డాక్టరు మీద నింద పడ్డట్టు నేరం కొత్త ఆయిల్ మీద పడుతుంది. మన బండి ప్లేట్లు ఇంకా బాగున్నాయి, మార్చడానికి ఇదే సమయమని చెప్పాను. మార్చకుండా చెడిపోతే దాన్ని సహజంగా అరిగిపోవడం అంటారనీ, మార్చాక చెడిపోతే మార్చినవాడి పేరు అడుగుతారనీ ఆయన శాంతంగా జవాబిచ్చారు. ప్రతిపాదన తగిన సమయంలో పరిశీలించబడుతుందని రాసి పక్కన పెట్టారు.

నాంచారయ్య కూడా ఇ.ఇ. గారి పక్షమే. దానికి అతని కారణం వేరు. బండి ఒకసారి షెడ్డులో పడితే ఏదో ఒక పార్టు కోసం నెలల తరబడి పడి ఉంటుందనీ, ఈలోగా తనని ఆఫీసరుగారి పిల్లల్ని బడికి దింపే జీపు మీద వేస్తారనీ అతని భయం. అదివరకు ఒకసారి అలా జరిగిందట.

వానాకాలంలో కొల్లేరు పొంగింది. డ్రైన్లు వెనక్కి తన్ని లంక గ్రామాల దారులు మునిగాయి. ట్రక్కును అక్కడికి పంపాం. పంపే ముందు నేను తలుపు మీద తెల్లరంగుతో అడ్డగీత గీయించి, నీళ్ళు ఆ గీత దాటితే బండి దింపవద్దని ఆజ్ఞ ఇచ్చాను. గేరుబాక్సుకు గాలి పీల్చుకునే చిన్న గొట్టం ఒకటుంటుంది, నీళ్ళు అంతవరకు వస్తే లోపలికి పోతాయి. ఆ సంగతీ చెప్పాను. నేను గుడివాడలో పంపుల పని చూసుకుంటూ ఉండిపోయాను. నాంచారయ్య లంక నుంచి జనాన్ని గట్టుకు చేర్చి, నీళ్ళు తీశాక పంపు పని ముగించుకొని తిరిగొచ్చాడు. బండి బాగుందా అంటే బాగుందన్నాడు. రోజూ పొద్దున ఇంజను నడుస్తుండగా డిప్‌స్టిక్కు తీసి గేరుబాక్సు ఆయిల్ చూడడం అతని విధి. చూస్తున్నావా అంటే చూస్తున్నానన్నాడు. ఆ రెండో మాట నిజమే.

ఆ తర్వాత, మంత్రిగారు రాబోయే వరద యంత్రాల ప్రదర్శనకు కొద్ది రోజుల ముందు, ఒక పంపు పరీక్ష కోసం అదే బండిలో హనుమాన్ జంక్షన్ వైపు బయల్దేరాం. ఒక కాలవ గట్టు ఎక్కేటప్పుడు ఇంజను గట్టిగా అరిచింది, బండి మాత్రం తీరిగ్గా కదిలింది. గేరు పట్టు జారుతోందని అర్థమైంది. గట్టు మీద ఆపమన్నాను. నాంచారయ్య ఆపాడు గాని స్టీరింగు వదల్లేదు. ఇంజను ఆపవద్దని చెప్పి నేను దిగబోతుంటే మెల్లగా అన్నాడు:

"ఇప్పుడు చూడొద్దండి. మినిస్టరు గారి ఫంక్షనైపోయాక చూద్దాం."

డిప్‌స్టిక్కు తీశాను. ఆయిల్ రోజ్‌మిల్క్ రంగులో ఉంది. ఎర్రాయిలులో నీళ్ళు కలిస్తే వచ్చే రంగు అది. ప్లేట్ల మీద అతికించిన పొర కాగితంలాంటిది, నీళ్ళలో నానుతూ ఉంటే మెల్లగా ఊడిపోతుంది.

"ఎన్నాళ్ళనించి ఇలా ఉంది?"

"లంకలోంచి వచ్చిన కాణ్ణించీనండి."

"నాతో చెప్పలేదేం?"

"చెప్తే గీత దాటి ఎందుకు దింపావంటారు కదండీ. దాటాను మరి. బడి డాబా మీద జనం ఉండిపోయారు, ముసలాళ్ళు, పిల్లలు. రెండో ట్రిప్పుకి నీళ్ళు పెరిగినియ్యి. గీత చూసుకుంటా గట్టు మీద కూర్చోమంటారా?"

నాకు కోపం వచ్చిన మాట నిజమే. అది జనాన్ని తెచ్చినందుకు కాదు, పాడైన ఆయిల్‌తో బండిని ఇన్నాళ్ళు తిప్పినందుకు. అతనికి ఆ తేడా చెప్పినా నమ్మేటట్టు కనిపించలేదు. అంతకుముందు ఏ ఆఫీసరూ అటువంటి తేడా చూపించి ఉండడు. మెల్లగా వెనక్కి నడిపించి షెడ్డుకు చేర్చాం.

అక్కడి నుంచి వ్యవహారం ఆఫీసు గదిలోకి వెళ్ళింది. వరద సహాయ యంత్రాల ప్రదర్శన దగ్గరికొచ్చింది. మంత్రిగారు జెండా ఊపితే బండ్లు వరసగా కదలాలి, అందులో మా విదేశీ ట్రక్కు ముఖ్య ఆకర్షణ. ఫంక్షను అయ్యాక ఆయిల్ మార్చుకోమన్నారు శేషగిరిరావు గారు. ఇక ఒక్క మైలు తిప్పినా గేరుబాక్సుకు నేను బాధ్యుణ్ణి కాననీ, బంగాళాఖాతంలో మళ్ళీ వాయుగుండం అంటున్నారు, అప్పుడు లంకలకు పంపడానికి వేరే బండి లేదనీ చెప్పాను. గేరుబాక్సులోకి నీళ్ళు ఎలా పోయాయని అడిగారు. బండి గీత దాటి దిగిందని చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

నీళ్ళు పోయాయని కాగితం మీద పెడితే విచారణ జరపాలి. విచారణలో గీత దాటించిన డ్రైవరును తప్పుపట్టాలి. ఆ డ్రైవరు దింపిన జనం ఫోటో అప్పటికే పేపర్లో వచ్చింది, ఫోటోలో ట్రక్కు పక్కన నిలబడి ఉన్నది శేషగిరిరావు గారే. ఆయన పక్కన పెట్టిన ఫైళ్ళ కట్ట ముందుకు లాక్కున్నారు. తర్వాత అడిగారు:

"మీరు మే నెలలో ఏదో రాశారు కదండీ, గడువు దాటిపోయింది, ఆయిల్ మార్చాలని?"

రాశానన్నాను. తగిన సమయం వచ్చిందన్నారు. వెంటనే సంతకం చేశారు. గడువు దాటిన మాట నిజమే కాబట్టి అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. అయితే వర్క్‌షాపు రిపోర్టులో నేను నీళ్ళ సంగతి, గీత సంగతి, డాబా మీది జనం సంగతి వరసగా రాశాను. ఆయన అది చదివి, మీ రిపోర్టు మీ షెడ్డులోనే ఉంచుకోండి అన్నారు. నాంచారయ్యను ఎవరూ ఏమీ అనలేదు.

పాత ఆయిల్ తీసేశాం. సరైన రకం ఆటోనగర్‌లో దొరకలేదు. స్టీరింగులో పోసే ఎర్రాయిలు తెచ్చి పోద్దామన్నారు కొందరు. రంగు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదని ఒప్పుకోలేదు. మద్రాసు నుంచి తెప్పించే లోపలే ప్రదర్శన వచ్చేసింది. బండి కనిపించి తీరాలని పైనుంచి ఆజ్ఞ. ఆయిల్ లేని ఆటోమేటిక్ బండిని అలాగే లాగితే గేరుబాక్సు పాడవుతుంది. కనక వెనక చక్రాలకూ ముందు చక్రాలకూ వెళ్ళే షాఫ్టులు విప్పి, వేరే లారీతో తెల్లవారకముందే మైదానానికి లాక్కెళ్ళి, పూలదండ వేసి నిలబెట్టాం.

మంత్రిగారు జెండా ఊపారు. బండ్లన్నీ కదిలాయి. మాది కదల్లేదు. భారీ వాహనం కనక భద్రత దృష్ట్యా చివర్న బయల్దేరుతుందని మైకులో ప్రకటించారు. ఆ ప్రకటన ఎవరు రాశారో నాకు తెలుసు, చాలా బాగా రాశారు. మంత్రిగారు మా బండి దగ్గరికొచ్చి నాంచారయ్య భుజం తట్టి, ఎంత స్పీడు పోతుందని అడిగారు. అవసరాన్ని బట్టండి అన్నాడు నాంచారయ్య. అందరూ వెళ్ళిపోయాక మళ్ళీ లాక్కొచ్చాం.

మద్రాసు ఆయిల్ వచ్చింది. ఇలాంటి గేరుబాక్సులో అడుగు ప్లగ్గు విప్పితే సగమే కిందికి వస్తుంది, మిగతాది లోపల, ఇంజను బలాన్ని ఆయిల్‌కు అందించే కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకని కొత్తది పోసి, కాసేపు నడిపి, మళ్ళీ తీసి, రంగు నిఖార్సుగా ఎర్రగా వచ్చేవరకు అలాగే చేశాం. ఫిల్టరు మార్చాం. గాలి గొట్టానికి రబ్బరు పైపు తగిలించి క్యాబిను వెనక ఎత్తుకు తీసుకెళ్ళి కట్టాం. నీళ్ళు చేరి ఎక్కువ రోజులు కాలేదు కాబట్టి ప్లేట్లు బతికాయి. ఇంకొన్నాళ్ళు తిప్పి ఉంటే బతికేవి కావు. ట్రయలుకు గట్టు ఎక్కించాం. ఇంజను అరవలేదు. నాంచారయ్య నా వైపు చూడకుండానే, బాగుందండీ అన్నాడు.

వాయుగుండం వచ్చింది. ట్రక్కు వెళ్ళింది, వచ్చింది. ఈసారి షెడ్డులోకి రాగానే నాంచారయ్య తనంతట తనే డిప్‌స్టిక్కు తీసి గుడ్డ మీద తుడిచి తెచ్చి చూపించాడు. ఎర్రగానే ఉంది. ఆరేళ్ళ తర్వాత ఆ బండిని వేలం వేశారు. అప్పటికీ గేరుబాక్సు బాగానే ఉంది. ఆ సైజు టైర్లు మన దేశంలో దొరక్కపోవడం వల్ల మూలన పడింది.

ఆ తర్వాత షెడ్డులో ఒక నియమం పెట్టాను. లోపం చెప్పిన డ్రైవరును ఎందుకు జరిగిందని ముందు అడగకూడదు. ముందు బండి చూడాలి. బాగయ్యాక ఆ బండి అతనికే ఇవ్వాలి. మొదట్లో కొత్త హారను మోత బాగాలేదన్న దాకా ఫిర్యాదులు వచ్చాయి. శేషగిరిరావు గారు ఇది క్రమశిక్షణకు మంచిది కాదన్నారు. నేను మార్చలేదు.

ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్ ఎప్పుడు మార్చాలని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. పుస్తకంలో రాసిన గడువుకు మార్చండి. బండి నీళ్ళలో దిగితే గడువుతో పని లేదు, ఆ రోజే చూడండి, రంగు పాలలా మారితే ఆ రోజే మార్చండి. పుస్తకంలో లేనిది ఇంకొకటుంది. ఆ రంగు మొదట చూసేది డ్రైవరు. అతను మీతో చెప్పడానికి భయపడే పరిస్థితి ఉంటే, ఏ గడువు పెట్టుకున్నా మీకు తెలిసేది గేరు జారాకనే.