పూత వేళ పీపా చప్పుడు

డెబ్భైల చివర మిషిగన్‌లో, సరస్సు దగ్గర ఒక వైనరీ ల్యాబ్‌లో ఉద్యోగం చేశాను. మాది కోస్తా క్రైస్తవ కుటుంబం. మందు వాసన వస్తే ఎంతటి చుట్టాన్నయినా గడప తొక్కనివ్వరు. నేనేమో రోజూ వైన్ పుక్కిలించి ఉమ్మేసి, ఎందులో ఎంత పులుపుందో రాసేదాన్ని. "జీతం తీసుకుని మరీ ఉమ్మేసేది నువ్వొక్కదానివే" అని మా ఆయన ఏడిపించేవాడు.

ఆ వైనరీ ద్రాక్షతోట మూడు తరాలుగా ఒకే కుటుంబానిది. నేను చేరిన ఏడాదే చలికాలంలో పెద్దాయన పోయాడు. ఆయన భార్య డెబ్భై దాటిన మనిషి. సమాధి చేసిన మర్నాడే బూట్లేసుకుని మంచులో తీగలు కత్తిరించడానికి వెళ్లింది. ఆవిడ ఏడవగా నేను చూడలేదు. నేలమాళిగలో ఎవరైనా లైట్ వదిలేస్తే మాత్రం దులిపేసేది.

వాళ్లకో ఆచారముంది. జూన్‌లో ద్రాక్ష పూతకొస్తే నేలమాళిగలోకి దిగి వైన్ పీపాలకు చెవి ఆనిస్తారు. బయట తీగ పూస్తే లోపల వైన్ కదులుతుందని నమ్మకం. ఆ ఏడు ఒక్క పీపానే పలికింది. పెద్దాయన చివరిసారి తన చేత్తో నింపింది అదే. పులిసిన దోశెల పిండిలో గరిటె పెట్టినప్పటి చిటపట. కాసేపు ఆగి, మళ్లీ మొదలయ్యేది. సూక్ష్మజీవుల పనని నాకు తెలుసు. అయినా భయమేసింది.

ఆవిడ రోజూ సాయంత్రం పీట వేసుకుని దానికి చెవి ఆనించి కూర్చునేది.

ఆ సూక్ష్మజీవులు పులుపు తగ్గించాక గంధకపు పొడి వేసి వాటిని ఆపాలి, లేకపోతే వైన్ వెనిగరైపోతుంది. ఆ మాటే చెప్పాను.

"వేస్తే ఆయన మాట ఆగిపోతుందా?" అంది.

"అది ఆయన కాదండీ, బ్యాక్టీరియా" అన్నాను విసుగ్గా.

"బ్యాక్టీరియా సంగతి నాకు ఆయనే చెప్పాడు, నువ్వు పుట్టకముందు."

రోజులు గడిచాయి. రుచిలో ఘాటు మొదలైంది. ఇంట్లో నా గొణుగుడు భరించలేక మా ఆయన, "ఆవిడ హజ్బెండ్, ఆవిడ వైన్. మధ్యలో నీకెందుకు టెన్షన్?" అన్నాడు.

"మనిషి ఎలాగూ మిగల్లేదు. చేసిన పనైనా మిగలొద్దా?" అని అరిచాను. నాకెందుకంత కోపమొచ్చిందో ఇప్పటికీ తెలీదు.

ఒక ఉదయం ఆవిడే ల్యాబ్‌కి వచ్చింది. "వేసెయ్. వెనిగర్ చేశాడన్న పేరు ఆయనకి వద్దు" అంది. వేశాను. ఆవిడ పక్కనే నిలబడి చూసింది. రెండు మూడు రోజుల్లో పీపా మూగబోయింది.

ఆ వారం నమూనా కోసం సాయంత్రం కిందికి దిగాను. ఆవిడ పీట మీదే ఉంది. ఈసారి ఆనించింది చెవి కాదు. పీపా దగ్గరగా నోరు పెట్టి మాట్లాడుతోంది. వడగళ్లకు పోయిన వరసల గురించి, పిందె దిగిన వరసల గురించి, ట్రాక్టర్ మొరాయించడం గురించి. మధ్యమధ్యలో ఆగి తలూపుతోంది.

"ఇంకేం వినిపించదు కదండీ" అన్నాను మెల్లగా.

"ఇన్నాళ్లూ ఆయన చెప్పాడు. ఇప్పుడు వింటున్నాడు."

నమూనా మాట మరిచిపోయి మెట్లెక్కేశాను. పైమెట్టు మీద ఉండగా కింది నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"లైట్ తీసేసి వెళ్లు. మాకు అక్కర్లేదు."

స్విచ్ మీద చెయ్యి పెట్టాను గానీ, నొక్కలేకపోయాను.